రాత్రిపూట లైటు లేని సైకిల్: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో మా కాలనీ చుట్టుపక్కల రాత్రి డ్యూటీకి వెళ్ళే వాచ్‌మన్లు, హోటల్ కుర్రాళ్ళు, పేపర్ వేసే పిల్లల సైకిళ్ళకి వెనక ఎర్ర లైట్లు కట్టడం మొదలుపెట్టి రెండేళ్ళయింది. మేం నలుగురమే. పేరూ లేదు, బ్యానరూ లేదు. ఎక్కడ కట్టినా అవే సందేహాలు. కారు నడిపే స్నేహితులు ఒకరకంగా అడుగుతారు, సైకిల్ తొక్కేవాళ్ళు ఇంకోరకంగా అడుగుతారు. చెప్పిందే చెప్పి నోరు నొప్పెట్టి, చివరికి అన్నీ ఇక్కడ రాసిపెట్టాను. అడిగినవాళ్ళ మాటల్లోనే ప్రశ్నలు పెట్టాను. మీకు కావాల్సిన దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు.

## అసలు లైటు కావాలా అన్నప్పుడు

నాకు రోడ్డు బాగానే కనిపిస్తోంది. ఇంక లైటెందుకు?

ఈ మాట మొదట అన్నది మా పక్క అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ బాబాయ్. పన్నెండేళ్ళుగా అదే దారి, ఏ మలుపులో ఏ గుంత ఉందో కళ్ళు మూసుకుని చెప్తాడు. ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. చీకటికి అలవాటుపడ్డ కన్ను కొద్దిపాటి వెలుగులోనూ చాలా చూస్తుంది. కారులో కూర్చున్నవాడి కన్ను అలా ఉండదు. ఎదురు బండ్ల హెడ్‌లైట్లు, డాష్‌బోర్డు వెలుగు, ఫోన్‌లో మ్యాపు, అద్దం మీద దుమ్ము, వీటన్నిటి మధ్య నుంచి అతను రోడ్డు చూడాలి.

వాదించి లాభం లేదని ఒక రాత్రి బాబాయ్‌ని రోడ్డు పక్కన నిలబెట్టి, ఆయన సైకిల్ మీదే మావాణ్ణి అవతలి సందు దాకా పంపించాం. మావాడు ముదురు నీలం చొక్కాలో ఉన్నాడు. వెనక్కి వస్తున్నాడని మాకు తెలుసు, అటే చూస్తున్నాం. అయినా పెడలు కిర్రుమన్న చప్పుడు వినిపించాకే మనిషి కనిపించాడు. బాబాయ్ ఏం మాట్లాడలేదు. మర్నాడు సాయంత్రం తనే వచ్చి "ఆ ఎర్రది ఒకటియ్యి సార్" అన్నాడు.

వీధి దీపాలున్న ఊళ్ళో కూడా లైటు కావాలా?

కావాలి. మన ఊళ్ళలో పెద్ద రోడ్ల మీద స్తంభాలు ఎక్కువగా డివైడర్‌లో ఉంటాయి. వెలుగు రోడ్డు మధ్యలో బాగా పడుతుంది, ఎడమ అంచుకి వచ్చేసరికి పలచబడుతుంది. ఆ అంచునే చెట్ల నీడ, ఆగి ఉన్న ఆటోలు, బస్సుల నీడ. సైకిల్ పోయేది సరిగ్గా అక్కడే. పైగా స్తంభానికీ స్తంభానికీ మధ్య ఒక మసక ముక్క ఉంటుంది. ఈసారి బస్సులో వెళ్తున్నప్పుడు ముందు సీట్లో కూర్చుని చూడండి, సైకిల్ మనిషి ఒకసారి కనిపించి, మాయమై, మళ్ళీ ప్రత్యక్షమవుతాడు. ఆ మాయమైన రెండు సెకన్ల గురించే ఈ గోలంతా.

కారు హెడ్‌లైట్ నా మీద పడుతుంది కదా, వాడికి కనిపిస్తానుగా?

పడుతుంది, కానీ ఆలస్యంగా. చిన్న లెక్క చూడండి. గంటకి 60 కిలోమీటర్ల వేగంలో ఉన్న కారు ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు పోతుంది. ఏదో ఉందని గుర్తుపట్టి బ్రేకు మీద కాలు పెట్టడానికి ఒకటిన్నర సెకను వేసుకుంటే 25 మీటర్లు అయిపోయాయి. పొడి రోడ్డు, మంచి టైర్లు ఉంటే ఆగడానికి ఇంకో 20 మీటర్లు. మొత్తం 45. అంటే దాదాపు నాలుగు ఆర్టీసీ బస్సుల పొడవు. వాన పడితే ఇంకా ఎక్కువ.

లో బీమ్ కిందికి, కాస్త ఎడమకి వంగి ఉంటుంది. ఆ వెలుగులో నల్ల ప్యాంటు, ముదురు చొక్కా చాలా దగ్గరికొచ్చేదాకా రోడ్డులో కలిసిపోతాయి. చిన్న ఎర్ర లైటు అయితే కొన్ని వందల మీటర్ల నుంచే కనిపిస్తుంది. డ్రైవరు బ్రేకు తొక్కాల్సిన పని కూడా ఉండదు, ముందే పక్కకి తీసుకుంటాడు.

మా నాన్న కాలంలో లైటు లేకపోతే పోలీసులు పట్టుకునేవాళ్ళట. ఇప్పుడెందుకు ఎవరూ పట్టించుకోరు?

పట్టుకునేవాళ్ళు, నిజమే. సైకిల్‌కి పన్ను కట్టి బిళ్ళ తగిలించుకోవడం, డబుల్స్ పోతే ఆపడం, లైటు లేకపోతే టైర్లో గాలి తీసేయడం, ఇవన్నీ అరవై దాటినవాళ్ళని ఎవర్నడిగినా కథలు కథలుగా చెప్తారు. మొదట్లో కిరోసిన్ దీపం, తర్వాత డైనమో వచ్చింది. టైరుకి ఆనించి పెడితే గిర్రున తిరిగి ముందు బల్బు వెలిగేది. తొక్కడం బరువెక్కేది, ఆపగానే దీపం ఆరిపోయేది. అందుకే చాలామంది పోలీసు కనిపించే సెంటర్ దగ్గర మాత్రమే డైనమో దించేవాళ్ళు.

ఆ రోజుల్లో రోడ్డు మీద ఎక్కువ బండ్లు సైకిళ్ళే. తర్వాత మోటార్ బండ్లు పెరిగాయి, చలాన్లు నంబర్ ప్లేటు మీదికి మారాయి. నంబరే లేని సైకిల్ లెక్కలోంచి జారిపోయింది. డైనమో పోయింది, దాని చోటులో వేరేది రాలేదు. సైకిల్ అమ్మేటప్పుడే లైటు ఇవ్వడం ఎప్పుడో మానేశారు.

తెల్లవారుజామున పేపర్ వేసేవాళ్ళకి కూడా అవసరమా? రోడ్డు ఖాళీగా ఉంటుందిగా.

ఖాళీగా ఉంటుంది కాబట్టే అవసరం. నాలుగున్నర, అయిదు గంటలప్పుడు రోడ్డు మీద ఉండే కొద్దిపాటి బండ్లూ వేగంగా ఉంటాయి. ఎయిర్‌పోర్టు క్యాబ్‌లు, రాత్రంతా నడిపి నిద్రమత్తులో ఊళ్ళోకి వస్తున్న ట్రావెల్స్ బస్సులు, పాల వ్యాన్లు. డిసెంబర్, జనవరిలో పొగమంచు కూడా తోడవుతుంది.

## కొనేటప్పుడు

ఒకటే కొనగలను. ముందు లైటా, వెనక లైటా?

వెనకది కొనండి. ముందు నుంచి వచ్చేది మీకూ కనిపిస్తుంది, పక్కకి తప్పుకోవచ్చు. వెనక నుంచి వచ్చేదాని విషయంలో మీ చేతిలో ఏమీ లేదు. ఒక్క మినహాయింపు: మీ దారంతా డివైడర్ లేని ఇరుకు సందులు, వీధి దీపాలు లేని ఊరి బయటి దారి అయితే ముందు లైటు కూడా వెంటనే తప్పదు. గుంతా, కుక్కా, నడిచే మనుషులూ కనిపించాలి కదా.

రేడియం స్టిక్కర్ సరిపోదా? పది రూపాయలకి వస్తుంది.

అంటించండి, మంచిదే. కానీ అది తనంతట తాను వెలగదు. మీద పడ్డ వెలుగుని వచ్చిన వైపుకే తిప్పి పంపుతుంది, అంతే. వెనక వచ్చే బైక్‌కి హెడ్‌లైట్ లేకపోయినా, సందులోంచి అడ్డంగా వచ్చే కారు వెలుగు మీ మీద పడకపోయినా స్టిక్కర్ ఉన్నా లేనట్టే. బురద పడినా అంతే.

అంటించే చోటు మాత్రం ముఖ్యం. మడ్‌గార్డ్ మీద ఒక ముక్క అందరూ అంటిస్తారు. పెడళ్ళకి, వాటిని పట్టుకుని తిరిగే కడ్డీలకి (క్రాంకులు), వీలైతే మడమ దగ్గర ప్యాంటుకి ఒక పట్టీ వేసి చూడండి. పైకీ కిందకీ ఊగే వెలుగుని చూడగానే అది తొక్కుతున్న మనిషని మెదడు ఇట్టే పట్టేస్తుంది. కదలని మెరుపు చెత్తబుట్టదీ కావచ్చు, మైలురాయిదీ కావచ్చు.

ఎంత పెడితే మంచి లైటు వస్తుంది?

వెనక ఎర్ర లైటుకి రెండు మూడు వందలు చాలు. మేం కట్టేవి ఆ ధరవే. దీపాలున్న ఊళ్ళో ముందు లైటుకి 100 ల్యూమెన్లు (వెలుగుని కొలిచే లెక్క) ఉంటే కనిపిస్తారు. దీపాల్లేని రోడ్డు మీద దారి చూసుకోవాలంటే 300, 400 కావాలి. డబ్బా మీద వేలల్లో ల్యూమెన్లు రాసి ఉన్న చవక లైట్లని నమ్మకండి. బటన్ సెల్ లైట్లు తేలికే గాని, సెల్ అయిపోయాక కొత్తది కొనడానికి బద్ధకిస్తారు. మేం మొదట కట్టినవి ఇరవై బటన్ సెల్‌వే. మూడు నెలలకి చూస్తే వెలుగుతున్నవి ఆరు. ఫోన్ ఛార్జర్‌తో ఎక్కేవి తీసుకోండి. వాచ్‌మన్ గదిలో ఇంకేం ఉన్నా లేకపోయినా ఫోన్ ఛార్జర్ ఉంటుంది.

బ్లింక్ అయ్యేది పెట్టాలా, నిలకడగా వెలిగేదా?

మినుకుమినుకుమనేది త్వరగా కంట్లో పడుతుంది. కానీ ఎంత దూరంలో ఉంది, ఎంత వేగంగా పోతోంది అన్నది అంచనా కట్టడం కష్టం. వెనక రెండు పెట్టుకునే వీలుంటే ఒకటి నిలకడగా, ఒకటి బ్లింకింగ్ పెట్టండి. ఒకటే ఉంటే ఊళ్ళో బ్లింకింగ్, చీకటి రోడ్డు మీద నిలకడ అని నా లెక్క. ముందు తెల్ల లైటు మాత్రం దయచేసి బ్లింకింగ్‌లో పెట్టకండి, ఎదురొచ్చేవాళ్ళ కళ్ళు జిల్లుమంటాయి.

ఎక్కడ బిగించాలి? సీటు కిందే కదా?

జిమ్‌కి వెళ్ళే గేరు సైకిల్‌కి సీటు కింద సరే. పనికి పోయే సైకిల్‌కి కాదు. మేం చేసిన మొదటి పొరపాటు ఇదే. సీటు కింద కట్టిన లైట్లన్నీ రాత్రికి టిఫిన్ బాక్సు సంచి వెనకో, వేలాడే స్వెటర్ వెనకో, క్యారియర్ మీది బియ్యం మూట వెనకో దాక్కున్నాయి. క్యారియర్ వెనక చివర, మడ్‌గార్డ్ పైన కట్టండి. కట్టాక సైకిల్‌ని మామూలుగా మోసే సామానంతా ఎక్కించి, ఇరవై అడుగులు వెనక్కి నడిచి చూడండి.

లైటు పెడితే రెండ్రోజుల్లో కొట్టేస్తారు కదా?

కొట్టేస్తారు. మేం కట్టినవాటిలోనూ కొన్ని పోయాయి. రబ్బరు పట్టీవి తీసి జేబులో వేసుకోవచ్చు, కాకపోతే తిరిగి పెట్టడం మర్చిపోతారు. నట్టు బోల్టుతో బిగించేవి సైకిల్ షాపులో దొరుకుతాయి, అవి విప్పడానికి దొంగకి ఓపికుండదు. ఒకాయన లైటు అద్దానికి ఒకవైపు నల్ల టేపు వేసి పగిలినట్టు చేశాడు. ఏడాదిగా ఎవరూ ముట్టుకోలేదు.

## రోడ్డెక్కాక

దారి మధ్యలో ఛార్జింగ్ అయిపోతే ఏం చేయాలి?

ఫోన్ టార్చి వేసి చొక్కా పై జేబులో, వెలుగు ముందుకి పడేలా పెట్టుకోండి. వెనక వైపుకి దిక్కులేదు. కాబట్టి పెద్ద రోడ్డు వదిలి లోపలి వీధులు పట్టండి, దీపాల్లేని ముక్క దగ్గర దిగి నడిపించుకుపోండి. ఫోన్‌ని ఒక చేత్తో పట్టుకుని ఇంకో చేత్తో హ్యాండిల్ తిప్పుకుంటూ పోయేవాళ్ళని చూస్తుంటాను. అలా పోతే బ్రేకు పట్టడానికి ఒక చెయ్యే మిగులుతుంది.

ఎదురుగా హైబీమ్ వేసుకొస్తే నాకేం కనపడట్లేదు. ఏం చేయాలి?

ఆ దీపం వైపు చూడకండి. చూపు రోడ్డు ఎడమ అంచు మీద పెట్టి, వేగం తగ్గించండి. ఆ వెలుగు దాటిపోయాక కూడా కన్ను మామూలవడానికి కొన్ని సెకన్లు పడుతుంది, వయసు పెరిగేకొద్దీ ఇంకా ఎక్కువ. ఆ సెకన్లలో మీ వెనక వచ్చే కారువాడూ గుడ్డివాడే అని గుర్తుంచుకోండి. మీ వెనక ఎర్ర లైటు అప్పుడే పనికొస్తుంది.

రోడ్డు ఎడమ అంచుకి ఎంత దగ్గరగా తొక్కాలి?

మరీ అంచున వద్దు. అక్కడ ఇసుక, మ్యాన్‌హోల్ మూతలు, డ్రైనేజీ జాలీలు ఉంటాయి. రాత్రి వాటిని తప్పించడానికి హఠాత్తుగా కుడికి వస్తారు, వెనకవాడు ఊహించని పని అదే. అంచు నుంచి ఒక మీటరు వదిలి, గీత గీసినట్టు తిన్నగా పోండి. ఎదురు దిశలో మాత్రం ఎప్పుడూ పోవద్దు. యూటర్న్ దూరమని రాంగ్ సైడ్ పోయే సైకిల్‌కి వెనక ఎంత మంచి లైటున్నా దండగ.

రింగ్ రోడ్డు మీద రాత్రి తొక్కొచ్చా?

ఔటర్ రింగ్ రోడ్డు ప్రధాన రహదారి మీద సైకిళ్ళనే కాదు, టూవీలర్లని కూడా రానివ్వరు. సర్వీసు రోడ్డు మీద పోవచ్చు, కానీ అక్కడ లారీలు ఆగి ఉంటాయి, చాలా లారీలకి వెనక లైట్లు వెలగవు. నానక్‌రామ్‌గూడ, నార్సింగి, కొల్లూరు వైపు 2023 అక్టోబర్‌లో మొదలైన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ ఉంది, వ్యాయామానికి అది బాగుంటుంది. కాకపోతే మా వాచ్‌మన్ల డ్యూటీలు ఆ దారిలో లేవు.

ఊళ్ళలో లైటు లేని ట్రాక్టర్ ట్రాలీలు, రోడ్డు మీద వడ్లు. సైకిల్‌కి లైటు పెట్టి ఏం లాభం?

మీ కోపం న్యాయమే. కోతల రోజుల్లో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్ళు పేరుస్తారు. ట్రాలీకి వెనక ఒక్క రేడియం ముక్క కూడా ఉండదు. ఇక్కడ ముందు లైటే మిమ్మల్ని కాపాడేది. ట్రాలీ యజమానితో గొడవ పెట్టుకునే బదులు ఒక రేడియం చుట్ట కొని ఇవ్వండి, రైతులు కాదనరు. మా ఊళ్ళో నేను ఇచ్చినప్పుడు వాళ్ళే నవ్వుతూ ఎడ్లబండికి కూడా వేయించుకున్నారు.

## ఎదుటివాళ్ళ తీరు

కారువాళ్ళకి కళ్ళు లేవా? జాగ్రత్తంతా సైకిల్‌వాడే పడాలా?

లేదు. రెండు టన్నుల ఇనుము నడిపేవాడి బాధ్యత ఎప్పుడూ పెద్దదే. హెడ్‌లైట్ వెలుగు ఎంత దూరం పడితే అంత దూరంలో ఆగగలిగే వేగమే రాత్రికి సరైన వేగం. "కనపడలేదు సార్" అని ప్రమాదం అయ్యాక ప్రతివాడూ అంటాడు. కనపడనంత వేగంగా ఎందుకు పోయావని అడిగేవాళ్ళు తక్కువ.

ఇంతా చెప్పి కూడా నేను లైటు కట్టమనే అంటాను. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్ళలో సైకిల్ మీద ఉన్నవాళ్ళే నాలుగున్నర వేలకి పైగా. తప్పెవరిదో తేలేది తర్వాత. దెబ్బ తగిలేది మాత్రం సైకిల్ మీదున్నవాడికే.

సైకిల్‌వాళ్ళు రోడ్ ట్యాక్స్ కట్టరు. వాళ్ళ కోసం నేనెందుకు స్లో అవ్వాలి?

ఈ ప్రశ్న చదువుకున్నవాళ్ళే ఎక్కువ అడుగుతారు. కాలనీ రోడ్లు, ఊరి రోడ్లు మీ బండి లైఫ్ ట్యాక్స్‌తోనే పడలేదు. సబ్బు కొన్నా, పప్పు ప్యాకెట్ కొన్నా వాచ్‌మన్ కూడా పన్ను కడుతున్నాడు. అదీగాక పన్ను లెక్కన దారి పంచితే మీ చిన్న కారు పక్క వరసలోని పెద్ద కారుకి తప్పుకోవాల్సి వస్తుంది. తెల్లవారి మీ గేటు తీసేది ఆ సైకిల్ మనిషే.

లైటు లేని సైకిల్ కనిపిస్తే హారన్ కొట్టి తిట్టడం తప్ప ఏం చేయగలం?

హారన్‌కి ఉలిక్కిపడి కుడికి తిరుగుతాడు, అది ఇంకా ప్రమాదం. దాటేటప్పుడు అద్దం దించి అరిస్తే "ఎవడో తాగినోడు" అనుకుంటాడు, లైటు గురించి అని అర్థం కాదు. సిగ్నల్ దగ్గర పక్కన ఆగినప్పుడు మాట్లాడండి. మేం అనే మాట ఇంతే: "అన్నా, వెనక నుంచి అస్సలు కనపడట్లేదే, భయమేసింది." మీ తప్పు అనం, మా భయం చెప్తాం. "రూల్ తెలీదా?" అని మొదలుపెడితే ఆ మాటల్లో కారుకీ సైకిల్‌కీ ఉన్న తేడా వినిపిస్తుంది తప్ప లైటు వినిపించదు.

పేదవాళ్ళకి నిర్లక్ష్యం ఎక్కువ, అంతే కదా?

కాదు. మేం మాట్లాడినవాళ్ళలో లైటు వద్దన్నది ఇద్దరు ముగ్గురే. మిగతావాళ్ళకి అలాంటిదొకటి దొరుకుతుందని, ఎంతకి దొరుకుతుందో తెలియదు. సైకిల్ కూడా వాళ్ళు కొన్నది కాదు, ఎవరో ఇచ్చిందో, పాత సామాను కొట్టులో తీసుకున్నదో. బ్రేకు రబ్బర్లకే డబ్బులు చూసుకునే చోట లైటు చివరికి పోతుంది.

నిర్లక్ష్యం మాట వస్తే ఇంకోటి చెప్పాలి. ఆదివారం తెల్లవారుజామున గుంపుగా వెళ్ళే గేరు సైకిళ్ళకి ముందూ వెనకా దీపాలు దీపావళిలా మెరుస్తుంటాయి. వాళ్ళని చూసి కార్లు పక్కకి తప్పుకుంటాయి కూడా. అదే రోడ్డులో అదే టైమ్‌కి డ్యూటీ దిగి ఇంటికి పోయే పాత సైకిల్‌కి ఎవరూ దారివ్వరు. దీపం ఒక్కటే కాదు తేడా, హెల్మెట్, బట్టలు కూడా చూస్తారు. ఇది నేను రెండు సైకిళ్ళ మీదా తొక్కి చూసుకున్నదే. లుంగీలో పాత సైకిల్ మీద పోయిన రోజు పాలు పోసే ఆటో కూడా నన్ను రోడ్డు దింపింది.

లైటు పెట్టుకుంటే పనిచోట నవ్వుతున్నారు.

కొన్నాళ్ళు నవ్వుతారు. ఒక హోటల్ కుర్రాడికి "అంబులెన్స్" అని పేరు పెట్టారు, ఆ టెన్షన్‌తో లైటు తీసి సంచిలో వేసుకున్నాడు. అదే హోటల్లో ఇంకో ముగ్గురికి కట్టాక పేరు పోయింది. ఒక్కరికి కట్టకండి, ఒకేచోట నలుగురైదుగురికి కట్టండి.

## చట్టం, పోలీసు

సైకిల్‌కి లైటు లేకపోతే ఫైన్ పడుతుందా?

మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం చలాన్లు మోటారు బండ్లకి. తొక్కే సైకిల్ మోటారు వాహనం కాదు, లైటు లేదని ఆ చట్టం కింద చలాన్ రాయరు. అలాగని సైకిల్ మీద ఏం చేసినా చెల్లుతుందని కాదు. చీకట్లో లైటు లేకుండా వేగంగా పోయి నడిచే పెద్దాయన్ని గుద్దితే భారతీయ న్యాయ సంహిత 281వ సెక్షన్ కింద కేసు పెట్టొచ్చు. నిర్లక్ష్యంగా నడపడం గురించిన ఆ సెక్షన్‌లో ఉన్నది "వాహనం" అనే మాటే, మోటారు ఉండాలని లేదు.

కొత్త సైకిళ్ళకి రిఫ్లెక్టర్లు తప్పనిసరి అంటున్నారు, నిజమేనా?

నిజమే. సైకిల్ రిఫ్లెక్టర్ల నాణ్యత మీద కేంద్రం 2020లో క్వాలిటీ కంట్రోల్ ఆర్డర్ ఇచ్చింది. అది తయారీదారులకి, అమ్మేవాళ్ళకి. ఇంట్లో ఉన్న పాత సైకిల్‌ని అదేం మార్చదు. కొత్తది కొన్నాక చువ్వలకి ఉండే ప్లాస్టిక్ రిఫ్లెక్టర్లని "చప్పుడు చేస్తున్నాయి" అని పీకేయకండి.

బ్యాటరీ సైకిల్‌కి రూల్స్ వేరా?

మోటార్ 250 వాట్ల లోపు, వేగం గంటకి 25 కిలోమీటర్ల లోపు, బ్యాటరీ కాకుండా బరువు 60 కిలోల లోపు ఉంటే దాన్ని మోటారు వాహనంగా లెక్కించరు. కానీ ఆ మినహాయింపు దొరకాలంటే సరైన బ్రేకులతో పాటు ముందు తెల్ల రిఫ్లెక్టర్, వెనక ఎర్ర రిఫ్లెక్టర్ ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నియమాల్లోనే ఉంది. అంతకంటే పెద్దదైతే రిజిస్ట్రేషన్, లైసెన్సు అన్నీ కావాలి.

## ప్రమాదం జరిగితే

రోడ్డు మీద సైకిల్ మనిషి పడి ఉన్నాడు. ఆగితే కేసులో ఇరుక్కుంటానా?

ఇరుక్కోరు. సాయం చేసినవాళ్ళ మీద కేసులు పెట్టకుండా మోటారు వాహనాల చట్టం 134ఎ సెక్షన్ కాపాడుతుంది. ముందు మీ బండి హజార్డ్ లైట్లు వేసి వెనక అడ్డంగా పెట్టండి, లేకపోతే మరో బండి వచ్చి గుద్దుతుంది. 108కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి. మోటారు బండి గుద్దిన ప్రమాదాల్లో గాయపడినవాళ్ళకి ఏడు రోజుల వరకు లక్షన్నర దాకా నగదు లేకుండా వైద్యం చేసే పథకాన్ని కేంద్రం 2025లో తెచ్చింది. ఆసుపత్రిలో దాని గురించి అడగండి.

లైటు లేదు కాబట్టి పరిహారం రాదా?

రాదని కాదు, తగ్గొచ్చు. ప్రమాద పరిహారం కేసులు చూసే ట్రిబ్యునల్‌లో ఇన్సూరెన్స్ లాయరు ముందుగా అడిగేది "సైకిల్‌కి లైటుందా?" అనే. ఉందని చూపించలేకపోతే ప్రమాదంలో మీ వంతు తప్పు కూడా ఉందని వాదించి పరిహారంలో కోత అడుగుతారు. తప్పు ఎవరిదో తేల్చకుండానే అడిగే దారి కూడా మోటారు వాహనాల చట్టం 164వ సెక్షన్‌లో ఉంది: మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు. గుద్దిన బండి దొరక్కపోతే హిట్ అండ్ రన్ పథకం కింద మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు. ట్రిబ్యునల్‌కి వెళ్ళడానికి చట్టంలో రాసింది ఆరు నెలల గడువు, కాబట్టి దినాలయ్యాక చూద్దాం అని ఆగకండి. సైకిల్‌ని స్టేషన్‌కి తీసుకెళ్ళేలోపు లైటు, రిఫ్లెక్టర్ కనిపించేలా ఫోటోలు తీయండి.

## విదేశాల్లో ఉన్నవాళ్ళకి

చదువుకోవడానికి వెళ్ళా, సెకండ్‌హ్యాండ్ సైకిల్ కొన్నా. ఇక్కడ లైటు తప్పనిసరా?

దాదాపు అన్నిచోట్లా తప్పనిసరే. జర్మనీలో చీకట్లో లైటు లేకుండా దొరికితే 20 యూరోలు, ప్రమాదమైతే 35. అక్కడ బ్లింకింగ్ లైటు ఒప్పుకోరు, ఇక్కడి నుంచి తీసుకెళ్ళేవాళ్ళు చూసుకోండి. నెదర్లాండ్స్‌లో లైటుని కోటుకో బ్యాగుకో తగిలించుకోవచ్చు, బ్లింకింగ్ మాత్రం కుదరదు. బ్రిటన్‌లో సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం దాకా ముందు తెల్లది, వెనక ఎర్రది, ఎర్ర రిఫ్లెక్టర్ ఉండాలి. అక్కడ బ్లింకింగ్‌ని 2005లో ఒప్పుకున్నారు. కాలిఫోర్నియాలో ముందు లైటు 300 అడుగుల నుంచి కనిపించాలి. చలికాలంలో ఈ దేశాల్లో సాయంత్రం నాలుగూ అయిదింటికే చీకటి పడుతుంది, క్లాసు అయ్యేసరికి రాత్రే.

వచ్చేటప్పుడు అక్కడి లైట్లు తేవొచ్చా?

తప్పకుండా తెండి. జర్మనీ ముందు లైట్లలో వెలుగు పై అంచు కత్తిరించినట్టు ఆగిపోతుంది, ఎదుటివాళ్ళ కళ్ళలో పడదు. లిథియం బ్యాటరీ ఉంటుంది కాబట్టి విడి బ్యాటరీలని సూట్‌కేసులో కాకుండా చేతి బ్యాగులో పెట్టుకోండి. మా బాబాయ్ సైకిల్‌కి ఇప్పుడున్నది ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి మా చెల్లి తెచ్చిందే. దాన్ని రోజూ ఛార్జ్ చేసి, డ్యూటీ దిగాక కవర్లో చుట్టి గూట్లో పెడతాడు.